మా ఊరి బడిలో మిగిలింది పద్నాలుగు మంది. విరాళం దేనికి వాడాలి?

మిర్చి_కల్లం
పల్నాడులో మా ఊరు చిన్నది, రెండు వందల యాభై గడప ఉంటుంది. ఒకప్పుడు అయిదో తరగతి దాకా నడిచిన బడి మాది. 2022లో 117 జీవో వచ్చి మూడు, నాలుగు, అయిదు తరగతులను పక్కనున్న ఉన్నత పాఠశాలలో కలిపేశారు. ఆ జీవోను తర్వాత తీసేసినా, చెదిరిపోయిన పిల్లలు తిరిగి రాలేదు. ఇప్పుడు ఒకటి, రెండు తరగతులకు కలిపి పద్నాలుగు మంది. మూడేళ్లు నిండిన పిల్లల్లో చాలామంది పొద్దున ఏడున్నరకల్లా ఆటోలో ఇరుక్కుని మండల కేంద్రంలోని ప్రైవేటు బడికి వెళ్తున్నారు.

పాత విద్యార్థులం కలిసి కొంత డబ్బు పోగుచేశాం. దాంతో బడికి స్వాగత ద్వారం కట్టిద్దామని కొందరు, తరగతి గదిలో పెద్ద తెర పెట్టిద్దామని కొందరు పట్టుబడుతున్నారు. నాకు రెండూ మింగుడుపడడం లేదు. చిన్న ఊళ్లలో పసితనం నుంచీ పిల్లల చదువును పట్టించుకుని నిలబెట్టినవాళ్లు ఎవరైనా ఉంటే రాయండి. చేసి చూసినవి చెప్పండి, నాకు అవే కావాలి.

కాలువగట్టు
ద్వారం మాత్రం వద్దు. మా పక్క ఊళ్లో కట్టారు. తర్వాత కొన్నాళ్లకే బడి మూతపడింది. దాతల పేర్లు రాతి మీద అలాగే ఉన్నాయి.

ఒకటో_తరగతి_టీచరు
కల్లం గారూ, మీరు లెక్క ఒకటో తరగతి దగ్గర మొదలుపెడుతున్నారు. పిల్ల చేజారేది అంతకు రెండేళ్ల ముందే. విద్యా హక్కు చట్టం వర్తించేది ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల వాళ్లకు. మూడు నుంచి ఆరేళ్ల వయసు అంగన్వాడీది. తల్లి అటు చూస్తే అన్నం, గుడ్డు కనిపిస్తాయి కానీ చదువు కనిపించదు. ప్రైవేటు వాళ్లు టై, బూట్లు, డైరీ చేతికిచ్చి ఎల్‌కేజీ అంటారు. ఒకసారి ఆ ఆటో ఎక్కిన పిల్లను అయిదో ఏట దింపి మా బడికి తేవడం చాలా కష్టం. జూన్ వస్తే ఇల్లిల్లూ తిరుగుతాం. "యూకేజీ అయిపోయింది కదా టీచరుగారూ, ఇప్పుడు మారిస్తే ఎట్లా" అంటారు.

అసలు మూడేళ్ల పిల్లకు అక్షరాలు దిద్దించాల్సిన పనే లేదు. మా బడి పక్క అంగన్వాడీకి ఒక అమ్మమ్మ వస్తుంటారు. కొంగులో చింతగింజలు తెచ్చి నేల మీద పోస్తారు. పిల్లలు వాటిని అయిదేసి చొప్పున కుప్పలు పెడతారు. ఆవిడ ఒక కుప్పలోంచి గింజ తీసి గుప్పిట్లో దాస్తారు. ఏ కుప్ప తగ్గిందో చెప్పాలి. చెప్పినవాళ్లకు ఆ గింజ ఇచ్చేస్తారు. పిల్లలు ఎగబడి చూస్తారు. ఆ గదిలోంచి వచ్చిన పిల్లలకు ఒకటో తరగతిలో అయిదుకు మూడు కలపడం నేను కొత్తగా నేర్పాల్సిన అవసరం రాలేదు. మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశ అని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది కూడా ఇందుకే. మీ డబ్బైనా, మీ మనుషులైనా ముందు అంగన్వాడీ గడప తొక్కాలి.

బెంగళూరు_మకాం
టీచరుగారూ, చింతగింజల సంగతి చాలా బాగుంది. కానీ తల్లులు టై చూసి మోసపోతున్నారనే మాటను నేను ఒప్పుకోను. మా అక్క కూలికి వెళ్తూ ఇద్దరు పిల్లలను ప్రైవేటులో చదివిస్తోంది. మా ఊరి అంగన్వాడీ కేంద్రంలో అన్నం తినగానే పిల్లలు ఇంటికి వచ్చేస్తారు. పొలం వెళ్లిన తల్లి సాయంత్రం ఆరింటికి గానీ ఇల్లు చేరదు. ప్రైవేటు ఆటో నాలుగున్నరకు దింపుతుంది. మధ్యాహ్నం పిల్ల చెరువు గట్టు మీదో రోడ్డు మీదో ఉండకూడదని ఆమె ఆ ఫీజు కడుతోంది. ఇంగ్లిషు ఆ తర్వాతి సంగతి.

మిర్చి_కల్లం
ఈ కోణం మా వాళ్లెవరికీ తట్టలేదు. మేమంతా ఇంగ్లిషు మీడియం గురించే వాదించుకుంటున్నాం.

ఒకటో_తరగతి_టీచరు
@బెంగళూరు_మకాం మోసపోయారని నేను అనలేదండీ. వాళ్లకు కనిపించేలా మేం ఏమీ పెట్టలేకపోయామని అన్నాను. మీ అక్కగారి లెక్క మాత్రం నూటికి నూరుపాళ్లు సరైనది. ఊరు చేయాల్సిన మొదటి పని అక్కడే ఉంది: మధ్యాహ్నం నుంచి తల్లి వచ్చేదాకా పిల్లలను చూసుకునే మనిషి.

అంగన్వాడీ_అక్క
ఇంతసేపూ మా గురించే మాట్లాడుతున్నారు కాబట్టి చెబుతున్నాను. నేను కార్యకర్తను. అన్నం పెట్టి పంపేస్తారని అనడం తేలిక. నెలనెలా ప్రతి బిడ్డ బరువు, ఎత్తు చూడాలి. గర్భిణులకు, బాలింతలకు ఇవ్వాల్సినవి ఇవ్వాలి. ఏడు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లల ఇళ్లకు బాలామృతం పిండి అందాలి. ఇదంతా రిజిస్టర్లలో రాయాలి, మళ్లీ ఫోనులో ఎక్కించాలి. సిగ్నల్ లేకపోతే వీధి చివరికి వెళ్లి నిలబడాలి. ఇవన్నీ అయ్యాక పిల్లలతో ఆడడానికి మిగిలేది గంటో గంటన్నరో.

మాది అద్దె గది. ఒకటే కిటికీ, అది కూడా పొయ్యి పక్కన. బియ్యం బస్తాలు ఒక మూల, ఆట వస్తువుల పెట్టె వాటి వెనుక. పెట్టె తీయాలంటే బస్తాలు జరపాలి. ఆయాకు నడుం నొప్పి, నేనొక్కదాన్నీ జరపలేను. అందుకని ఆ పెట్టె నెలలో చాలా రోజులు బయటికే రాదు. ఇనుప అల్మరా ఒకటి ఇప్పించమని ఎన్నాళ్లుగానో అడుగుతున్నాను. 1975 అక్టోబరు 2న దేశంలో 33 ప్రాజెక్టులతో మొదలైన అంగన్వాడీల పథకం ఇది. యాభై ఏళ్ల తర్వాత కూడా ఎన్నో కేంద్రాలు అద్దె గదుల్లోనే ఉన్నాయి. కల్లం గారూ, మీ డబ్బుతో ముందు మీ కేంద్రానికి వెళ్లి బస్తాల వెనుక ఏముందో చూడండి.

కాలువగట్టు
అల్మరా ఒక్కటి కొంటే మూసి ఉన్న పెట్టె తెరుచుకుంటుంది! కల్లం గారూ, రాసుకోండి.

పసుపు_దుంప
మాది నిజామాబాద్ వైపు. అక్క చెప్పినదానికి మా ఊళ్లో దొరికిన దారి ఇది. మహిళా సంఘం వాళ్లు వంతులు వేసుకున్నారు. రోజూ ఒకరు వెళ్లి కేంద్రంలో కూర్చుంటారు. పాఠం చెప్పరు. పిల్లల చేతులు కడిగించడం, గుడ్డు వలిచివ్వడం, నిద్రపోయినవాళ్లను చూసుకోవడం, కథ చెప్పడం, అంతే. దాంతో టీచరుకు రెండు గంటలు కలిసొచ్చాయి. వంతుకు వచ్చిన ప్రతి తల్లీ లోపల ఏం జరుగుతోందో కళ్లారా చూసింది. ఆ తర్వాత పిల్లలను పంపమని ఎవరినీ బతిమాలాల్సిన పని లేకపోయింది.

తెలంగాణలో 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టారు. ఊళ్లోని మహిళా సంఘాల సమాఖ్య అధ్యక్షురాలే కమిటీకి అధ్యక్షురాలు, ప్రధానోపాధ్యాయులు కన్వీనరు. బడి మరమ్మతుల పనులు వాళ్ల చేతుల మీదుగా జరిగాయి. మా దగ్గర ఆ అలవాటు వల్లనే ఆడవాళ్లకు బడి లోపలికి వెళ్లి అడిగే చొరవ వచ్చింది.

కోసిగి_బండ
మిర్చి_కల్లం గారూ, మీరు పల్నాడు అన్నారు కాబట్టి ఒక మాట. జనవరి వస్తే మీ పొలాల్లో కాయలు కోయడానికి వచ్చేది మా కర్నూలు పడమటి మండలాల వాళ్లు. కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు ఊళ్లకు ఊళ్లు తాళాలు వేసుకుని లారీలెక్కుతాయి. ముసలివాళ్లు ఉంటే పిల్లలను వాళ్ల దగ్గర వదులుతారు. సర్కారు వాళ్లు వలస వెళ్లినవారి పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు నడుపుతారు గానీ అవి బడి ఈడు పిల్లలకు. మూడేళ్ల బిడ్డను ఎవరి దగ్గర వదులుతారు? వెంట తెచ్చుకుంటారు. ఆ బిడ్డను చూసుకోవడానికి తొమ్మిదేళ్ల అక్కను కూడా బడి మాన్పించి తెస్తారు. మీ ఊరి చేల గట్ల మీద తమ్ముణ్ని చంకనేసుకుని తిరిగే ఆ పిల్ల మీ పద్నాలుగు మందిలో ఉందా?

మిర్చి_కల్లం
లేదండీ. పంట చేతికొచ్చే మూడు నెలలూ వాళ్లు చెరువు అవతల టార్పాలిన్ పట్టలు కట్టుకుని ఉంటారు. ఊరి పిల్లలు ఎంతమంది అంటే వాళ్లను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. బదిలీ పత్రం (టీసీ) లేదు కదా అంటారు.

ఒకటో_తరగతి_టీచరు
బదిలీ పత్రం లేదని బడిలో చేర్చుకోకపోవడం చట్టవిరుద్ధం. పుట్టిన తేదీ పత్రం లేకపోయినా చేర్చుకోవాల్సిందే. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న చట్టంలోనే ఈ రెండూ ఉన్నాయి. మధ్యలో వచ్చినా చేర్చుకోవాలి. తమ్ముడు అంగన్వాడీలో కూర్చుంటేనే అక్క బడికి రాగలదు. ఆ ఇద్దరినీ ఒకే పూట తీసుకురావాలి. ఒక్కరిని తెస్తే రెండోవారు ఆగిపోతారు.

చేవెళ్ల_మర్రి
కోసిగి_బండ గారు చెప్పినదానికి జోడింపు. మా రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ తొంభైల నుంచి ఇదే పట్టుకుంది. బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాల కార్మికురాలే అన్నది వాళ్ల సూత్రం. తమ్ముణ్ని ఎత్తుకున్న పిల్ల కూడా పని చేస్తున్నట్టే. ఆ సంస్థను నడిపిన శాంతా సిన్హా గారికి 2003లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది ఈ పనికే. పేదరికం పోతే తప్ప పిల్లలు బడికి రారనే వాదన మా ఊళ్లలో అప్పట్లో చాలా గట్టిగా ఉండేది. ఊరంతా ఒక్క మాట మీద నిలబడి "మా ఊళ్లో పిల్లలు పనిలో ఉండరు" అని పట్టుబట్టాక అదే కూలి ఇళ్ల నుంచి పిల్లలు బడికి వచ్చారు. మా ఇంట్లో మొదటి పదో తరగతి అలా వచ్చిందే.

పడమటి_వీధి
ఎవరూ ఎత్తని సంగతి నేను ఎత్తుతాను. ఊరంతా ఒక్క మాట అంటున్నారు. మా ఊళ్లో అంగన్వాడీ ఊరి నడుమ, ఒకరి ఇంటి ముందు గదిలో ఉండేది. మా కాలనీ పిల్లలు అక్కడికి వెళ్లాలంటే రోడ్డు దాటి కిలోమీటరు నడవాలి. మూడేళ్ల పిల్లలు! వెళ్లినా గదిలోకి కాదు, వసారాలో కూర్చోబెట్టేవారు. కేంద్రం కాలనీకి మారాక ఊరివాళ్లు తమ పిల్లలను పంపడం మానేసి ఆటో ఎక్కించారు. ప్రైవేటు ఆటోల వెనుక ఈ కారణం కూడా ఉంది. ఇంగ్లిషు, టై, సాయంత్రం వేళ అని మాట్లాడుకుంటూ దీన్ని దాటేయకండి.

బెంగళూరు_మకాం
అన్ని ఊళ్లలోనూ ఇలాగే ఉందని అనలేం కదండీ.

పడమటి_వీధి
అన్ని ఊళ్లని నేను అనలేదు, మా ఊరి సంగతి చెప్పాను. మీ ఊళ్లో లేకపోతే సంతోషం. కల్లం గారిని ఒకటే అడుగుతున్నాను: మీ పద్నాలుగు మంది ఏ వీధి పిల్లలు?

మిర్చి_కల్లం
పన్నెండు మంది కాలనీ పిల్లలు. ఇద్దరు వడ్రంగి ఇంటి పిల్లలు.

పడమటి_వీధి
మీ కమిటీలో డబ్బు ఎక్కడ పెట్టాలో తేల్చేవాళ్లలో ఆ పద్నాలుగు మంది తల్లిదండ్రులు ఎంతమంది?

అంగన్వాడీ_అక్క
మంచి ప్రశ్న అడిగారు తమ్ముడూ.

డాలస్_నుంచి
నేనూ మా ఊరికి డబ్బు పంపేవాడినే కాబట్టి దాతల వైపు మాట ఒకటి వినండి. మేం ద్వారమో గదో కట్టిస్తామనడానికి కారణం పేరు పిచ్చి ఒక్కటే కాదు. దూరంగా ఉన్నవాళ్లకు ఖర్చు కళ్లకు కనిపించాలి. ఊళ్లో మనిషికి నెలనెలా ఇవ్వమంటే ఎవరికి ఇచ్చారో, వచ్చిందో రాలేదో ఎలా తెలుస్తుంది? ఒకసారి జీతం అలవాటు చేశాక మేం ఆపితే ఆ మనిషి ఏమవుతుంది? గోడ అయితే అలా మధ్యలో ఆగిపోదు కదా.

లెక్కల_మాస్టారు
డాలస్ గారూ, మీ భయం న్యాయమైనదే. దానికి దారి ఉంది. సర్కారు బడికి యాజమాన్య కమిటీ ఉండాలని విద్యా హక్కు చట్టం 21వ సెక్షను చెబుతోంది. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్లు. డబ్బు ఆ కమిటీ తీర్మానంతో ఖర్చు కావాలి, నెలకోసారి లెక్క బడి గోడ మీద అతికించాలి. పడమటి_వీధి గారు అడిగినదానికీ ఇందులోనే జవాబుంది: తేల్చేది పాత విద్యార్థుల సంఘం కాదు, ఆ పిల్లల తల్లిదండ్రులు. మనిషికి ఇచ్చే డబ్బు మూడేళ్లకు సరిపడా ముందే బ్యాంకులో వేయండి. అంతకు తక్కువైతే మొదలే పెట్టవద్దు.

మనిషి అంటే ఎవరు? ఊళ్లో ఇంటరో డిగ్రీయో చదివి ఇంట్లో ఉన్న అమ్మాయి ఒకరు తప్పక ఉంటారు. మధ్యాహ్నం మూడు నుంచి ఆరు దాకా బడి వసారాలో ఆమె కూర్చుంటే చిన్నవాళ్లు ఆడుకుంటారు, నాలుగింటి నుంచి పెద్దవాళ్లు చదువుకుంటారు. మా ఊళ్లో ఇది నడుస్తోంది. అయిదో తరగతి పిల్లలను నవోదయ పరీక్షకు కూర్చోబెడతాం. ఆరో తరగతిలో 80 సీట్లు, అందులో కనీసం 75 శాతం పల్లె పిల్లలకే. ఎనిమిదిలో ఎన్‌ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ ఉపకార వేతనం పరీక్ష. పాసై ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటరు పూర్తయ్యేదాకా ఏటా 12,000 రూపాయలు బ్యాంకులో పడతాయి. తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ఈ పరీక్ష ఉందని తెలియక దరఖాస్తు చేయని పిల్లలు ప్రతి మండలంలో ఉన్నారు. ఆడపిల్ల తొమ్మిదిలో చదువు మానకుండా ఈ డబ్బు ఆపుతుంది. నేను చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

డాలస్_నుంచి
మూడేళ్లకు ముందే బ్యాంకులో వేసే పద్ధతి నచ్చింది. మా ఊరి వాళ్లతో మాట్లాడతాను. గోడ మీద లెక్క ఫొటో తీసి పంపితే చాలు.

ఒకటో_తరగతి_టీచరు
మాస్టారూ, నవోదయ మాట దగ్గర నాకు చిన్న అభ్యంతరం. బాగా చదివే ఒకరిద్దరిని ఏరి తీసుకుని సాయంత్రాలన్నీ వాళ్లమీదే పెడితే మిగతా పిల్లలు గోడవారన మిగిలిపోతారు. నాలుగో తరగతికి వచ్చినా పేరా చదవలేని పిల్లలు ముందు కావాలి నాకు.

లెక్కల_మాస్టారు
నిజమేనమ్మా, ఆ ప్రమాదం ఉంది. అందుకే మొదటి గంట అందరికీ చదవడమే. పరీక్ష రాసేవాళ్లు ఆ తర్వాత కూర్చుంటారు.

పాత_పుస్తకం
చదవడానికి ఏమున్నాయి మరి? పాఠ్యపుస్తకం తప్ప ఇంట్లో అచ్చు కాగితం ఉండని పిల్లలకు కథల పుస్తకాలు కావాలి. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టుకున్న జాతి మనది. అయ్యంకి వెంకటరమణయ్య గారి వంటివాళ్లు గ్రంథాలయాల కోసం ఊరూరా తిరిగారు. ఇవాళ్టికీ మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కింద వసూలవుతోంది. మీ పంచాయతీ ఆ డబ్బు జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేస్తోందా? చేస్తుంటే మీ ఊరికి పుస్తకాలు ఎందుకు రావడం లేదని రాతపూర్వకంగా అడగండి. విరాళం ముట్టుకోకుండానే రావాల్సినవి ఇవి.

కాలువగట్టు
ఇంటిపన్ను రసీదు తీసి చూశాను. నిజంగానే ఉంది, గ్రంథాలయ సెస్సు అని. ఇన్నేళ్లుగా కడుతున్నాను! రేపే పంచాయతీ కార్యదర్శి దగ్గరికి.

మిర్చి_కల్లం
అందరి మాటలూ మా వాళ్లకు చదివి వినిపించాను. పెద్ద గొడవే అయింది. ద్వారం కావాలనేవాళ్లు ఇంకా మెత్తబడలేదు. బడి ఉంటేనే ద్వారానికి అర్థం అని మా పెద్దమ్మ అనేసరికి కొందరు తగ్గారు. ఇవాళ పొద్దున మా అంగన్వాడీకి వెళ్లాను. అక్క చెప్పినట్టే ఉంది, ఆట వస్తువుల పెట్టె బియ్యం బస్తాల వెనుకే. అల్మరా నా సొంత డబ్బుతో కొనేస్తున్నాను, దానికి తీర్మానం కోసం ఆగను.

సాయంత్రం మనిషి, వలస పిల్లల సంగతి ఆదివారం పొద్దున పది గంటలకు రామాలయం దగ్గర మాట్లాడుకుందామని అనుకున్నాం. పద్నాలుగు మంది తల్లిదండ్రులకూ కబురు పెడుతున్నాను.

అంగన్వాడీ_అక్క
పొద్దున పది అంటే ఏ తల్లీ రాదు. కోతలప్పుడు ఆదివారం కూడా పనే. రాత్రి ఏడు దాటాక పెట్టండి. మీ కార్యకర్తను, ఆయాను కూడా పిలవండి. వాళ్లను అడగకుండా వాళ్ల గది గురించి ఏదీ తేల్చవద్దు.

పడమటి_వీధి
రామాలయం దగ్గర వద్దు. బడి ఆవరణలో పెట్టండి.

కోసిగి_బండ
చెరువు అవతల ఉన్నవాళ్లకు కూలీలను తెచ్చిన మేస్త్రీ ద్వారా కబురు పంపితే వస్తారు. ఆయన చెబితే తప్ప పనిదగ్గర నుంచి కదలరు. మేస్త్రీ ఫోను నంబరు మీ ఊరి రైతుల దగ్గర ఉంటుంది, కనుక్కోండి.

మిర్చి_కల్లం
ఆదివారం రాత్రి ఏడున్నరకు, బడి ఆవరణలో. మార్చేశాను. మేస్త్రీతో మాట్లాడాను, మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లలు తొమ్మిది మంది ఉన్నారట. టీచరుగారూ, ఆ తొమ్మిది మంది పేర్లు మా కేంద్రంలో రాయించాలంటే ఏ కాగితం కావాలి?

అంగన్వాడీ_అక్క
టీచరుగారి కంటే నేను చెప్పాల్సింది ఇది. తల్లి ఆధార్ ఉంటే తీసుకురమ్మనండి. లేకపోయినా పిల్లలను మాత్రం సోమవారం నుంచే పంపమనండి. కాగితాల సంగతి మీ కార్యకర్త, సూపర్‌వైజరు చూసుకుంటారు.